మునిస్వామి అల్లిన శాలువ

నగరి నేతగాళ్ళ వీధిలో మునిస్వామి అంటే చెయ్యి గట్టి మనిషి. అతను నేసిన చీరను వెలుగుకు పట్టి చూసినా దారానికీ దారానికీ సందు కనబడేది కాదు. మగ్గం పలక లాగి కొట్టాడంటే పక్కింట్లో చెంబులు అదురుతాయని వీధిలో అనుకునేవాళ్ళు. ఆ మాటకు పైకి విసుక్కునేవాడు గానీ లోపల తెగ పొంగిపోయేవాడు. అలాంటివాడు పందొమ్మిది వందల నలభై అయిదులో, యుద్ధం మూలాన నూలుకు కంట్రోలు వచ్చి సగం మగ్గాలు మూలపడ్డ రోజుల్లో, దగ్గుతో నెత్తురు పడి, మగ్గాన్ని భార్య అన్నకు అప్పగించి, మదనపల్లె వైపు కొండల్లో ఉన్న క్షయాస్పత్రిలో చేరాడు.

అక్కడ మందుకన్నా విశ్రాంతి ఎక్కువ. నెలల తరబడి మంచం మీద ఊరికే కూర్చోవడం మగ్గం మనిషికి ఎంత నరకమో చెప్పనక్కర్లేదు. అతని వేళ్ళు దుప్పటి అంచును పీకుతూ ఉండడం చూసి నర్సు ఆనందమ్మ రెండు అల్లిక సూదులు, ఒక ఊలు ఉండ తెచ్చి ఒళ్ళో పడేసింది.

"ఇది ఆడోళ్ళ పని గదమ్మా" అన్నాడు.

"ఈ వార్డులో ఆడోళ్ళు యాడుండారన్నా? ఆ ముగ్గురూ అల్లతా ఉండారు, సూడు" అందామె.

సిగ్గుతో చచ్చిపోతూనే సూదులు పట్టుకున్నాడు. పట్టుకున్నాక నేతగాడు చేసే తప్పే చేశాడు. ప్రతి కుట్టునూ పలకతో కొట్టినట్టు బిగలాగాడు. రెండో వరసకల్లా సూది దూరడం మానేసింది. "ఇది మగ్గం కాదన్నా, ఊలుకు ఊపిరాడల్ల" అని ఆనందమ్మ అంతా విప్పేసింది.

భార్య వరదమ్మకు శాలువ అల్లుతానన్నాడు. నలుచదరపుదైతే మడిచి కప్పుకోవాలి, నిడుపాటిదైతే పనిలో భుజం మీద నుంచి జారుతుంది. మూడు మూలలదైతే రెండు కొనలూ నడుము వెనక ముడేసుకుని నూలు కండెలు చుట్టుకోవచ్చు. దాన్ని మెడ దగ్గర నాలుగైదు కుట్లతో మొదలుపెట్టి, రెండు పక్కలా ఒక్కో కుట్టు పెంచుకుంటూ రావాలి. మునిస్వామి ఒక పక్క పెంచి ఇంకో పక్క మరిచిపోయాడు. ఒక రెక్క పొడుగు, ఒక రెక్క పొట్టి అయి కూర్చుంది. మళ్ళీ విప్పాడు. ఇంకోసారి నడిమధ్యన ఒక కుట్టు జారి జానెడు కిందికి నిచ్చెనలా దిగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనయింది పాపం!

అప్పుడు ఆనందమ్మ ఒక ఉపాయం చెప్పింది. పది వరసలకొకసారి కుట్లన్నిటిలోనుంచీ సన్నటి నూలుదారం దూర్చి వదిలేస్తే, తప్పు పడినప్పుడు ఆ దారం దాకా విప్పుకుంటే చాలు, మొదటికి పోనక్కర్లేదు. వరస చివర కుట్లు లెక్కపెట్టుకోవడం మాత్రం మానకూడదు. ఆఖరి అంచు మూసేటప్పుడు లావు సూది పట్టాలి, లేకుంటే అంచు ముడుచుకుంటుంది.

అన్నీ విన్నాడు, ఆ చివరిది తప్ప. అంచు సంగతి నాకా చెప్పేదని సన్న సూదితోనే బిగించాడు. శాలువ కిందివైపు సంచి మూతిలా దగ్గరపడింది. ఆనందమ్మ నవ్వుకుని దాన్ని రోగం అంటకుండా మందునీళ్ళలో తడిపి, పరుపు మీద సాగదీసి పరిచి, చుట్టూ గుండుసూదులు గుచ్చి ఎండలో ఆరబెట్టింది. చాలావరకు సర్దుకుంది గానీ, చూసేవాళ్ళకు తెలుస్తూనే ఉంది.

మార్గశిరంలో వరదమ్మ చూడ్డానికి వచ్చింది. తోడుగా నేతగాళ్ళ వీధివాడే సుబ్బన్న వచ్చాడు. సుబ్బన్న చెవిన పడ్డ మాట సాయంత్రానికి వీధి కొస దాకా పోతుంది. లోపలికి వస్తూనే పక్క మంచం రోగిని చూసి పెద్దగా నవ్వాడు. "ఏందప్పా ఇది, మొగోడు సూదులు పట్టుకోనుండాడే! ఈడ మీకు గాజులు గూడా ఏస్తారా ఏంది?"

మునిస్వామి తన సూదుల్ని గబుక్కున దిండు కిందికి తోశాడు. ఈ సంగతి నగరిలో తెలిస్తే ఇంక మగ్గం మీద కూర్చుని మొహమెత్తగలడా? శాలువ చేతికిచ్చి, వరదమ్మ ఎవరు అల్లారని అడిగితే, "నర్సమ్మ" అనేశాడు. ఆమె ఆ కనబడని నర్సమ్మకు చేతులెత్తి దండం పెట్టింది.

మాఘంలో ఇద్దరూ మళ్ళీ వచ్చారు. వరదమ్మ భుజాల మీద శాలువ, చేతిలో కొత్త చీర.

"నర్సమ్మకు. పరాయి మనిసి నాకోసరం అంత కష్టపడింది. ఊరికే కప్పుకుంటే బాగుంటాదా?" అంది.

కంట్రోలు నూలు. ఇంట్లో ఉన్న కాస్తా అదే అయి ఉండాలి. సిగ్గు పట్టిన మనిషి ఊరుకోడు కదా, ఎదుటివాళ్ళలో తప్పు వెతుకుతాడు. మునిస్వామి చీర లాక్కుని విప్పి చూశాడు.

"ఎవురు నేసింది ఇది? మీ యన్న చెయ్యి కాదే! అంచు సూడు, ఎట్ల లోపలికి లాక్కోనుండాదో. ఎవుడో చేతగానోడికిచ్చి నూలు పాడు చేసినారు."

సుబ్బన్న నేల చూపులు చూశాడు.

"మాయన్న దీపావళికే మద్రాసు మిల్లుకు ఎలబారినాడు. నేనే నేసినా" అంది వరదమ్మ.

ఆ వీధిలో ఆడవాళ్ళు కండెలు చుడతారు, మగ్గం గుంటలో దిగి కూర్చోరు. "వీధంతా నవ్వినారప్పా. నేనూ నవ్వినా" అన్నాడు సుబ్బన్న మెల్లగా. "ఆయమ్మ తలెత్తకుండా నేసింది."

అంతలో ఆనందమ్మ వచ్చింది. వరదమ్మ చీర అందించింది. ఆనందమ్మ చీర అందుకోలేదు, మునిస్వామి వైపు చూసింది. భూమి చీలితే బాగుండుననిపించింది అతనికి.

"ఆమె కాదు. నేనే అల్లినా" అన్నాడు, నోట్లో నోట్లోనే.

వరదమ్మ భుజాల మీది శాలువ తీసి అతని ఒళ్ళో పెట్టింది.

"వాకిలి తెరిసిపెట్టి గుంటలో కూసోని నేసినా, నీ ఇల్లు నిలబడల్లని. నాకోసరం నువ్వు చేసినదానికి నీ పేరు చెప్పేదానికి సిగ్గయినాదా నీకు?"

ఇన్నాళ్ళూ అతను దేనికి సిగ్గుపడ్డాడో అది సిగ్గే కాదు, ఇప్పుడు పడుతున్నదే అసలు సిగ్గు.

"మళ్ళా ఇయ్యి. సుబ్బన్నకు ఇనబడేట్టు చెప్పి ఇయ్యి."

మునిస్వామి మంచం దిగి నిలబడ్డాడు. వార్డంతా చూస్తోంది. శాలువ రెండు చేతులా పట్టుకుని సుబ్బన్న వైపు తిరిగాడు.

"ఇది నేను అల్లినా. మా వరదకు."

వరదమ్మ తీసుకోలేదు. కప్పమన్నట్టు వీపు తిప్పి నిలబడింది. అందరి ముందూ అతను కప్పి, రెండు కొనలూ నడుము వెనక ముడేశాడు.