వంతుకూ ఒక అట్ట

లింగాల పక్కన ఒక ఊళ్లో ఉన్న బావులు నలభై ఒకటి. మా అట్టల లెక్కలో తేలినవి నూట ఇరవై ఆరు. రెండోసారి లెక్కపెట్టినా అంతే వచ్చింది. బావులు పిల్లలు పెట్టినట్టుంది.

ప్రొద్దుటూరులో మా అద్దె గది నేలంతా అట్టలే. వాటి మధ్య కూర్చుని పరిశోధక విద్యార్థి తల పట్టుకున్నాడు. అతను గుంటూరు వైపువాడు, డాక్టరేటు కోసం మా జిల్లాకు వచ్చాడు. ఊరి సమాచారాన్ని ఏ రూపంలో సేకరించి, ఏ రూపంలో దాచిపెడితే అన్ని ఆఫీసులకూ ఒకే చోటి నుంచి పనికొస్తుందన్నది అతని పరిశోధన. ఒకే ఊరి బావులకు తాలూకా ఆఫీసు ఒక అంకె చెప్పేది, పులివెందుల బ్లాకు ఆఫీసు ఇంకొకటి చెప్పేది. ఎందుకు కలవవు? కలవాలంటే ఏం చెయ్యాలి? వాళ్ల రెండంకెలూ కలపడానికి వచ్చి మేం మూడో అంకె పుట్టించాం.

నేను పత్తి మిల్లులో గుమాస్తాను. బడికి పోయింది కొద్దికాలమే. తక్కిన లెక్కలన్నీ బేళ్ల తూకాల దగ్గర, ఎవరో పారేసిన ఇంగ్లీషు లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని నాకు నేనే నేర్చుకున్నాను. సగటు ఎలా తియ్యాలో, వర్గమూలం ఎలా కట్టాలో ఎవరూ చెప్పలేదు. పత్తి రాని నెలల్లో మిల్లు మూస్తారు కాబట్టి అతని దగ్గర పనికి కుదిరాను.

పని ఇలా ఉండేది. ఇంటికొక అట్ట. అట్ట నాలుగు అంచుల్లోనూ బెజ్జాలు, ఒక్కో బెజ్జానికి ఒక్కో అర్థం. ఈ ఇంటికి ఎద్దులున్నాయా, మెట్ట ఉందా, బావి ఉందా? ఉంటే ఆ బెజ్జాన్ని అంచుదాకా కత్తిరిస్తాం. తర్వాత కట్టంతా పేర్చి, గోనెసంచులు కుట్టే దబ్బనం ఆ బెజ్జంలో దూర్చి పైకెత్తితే కత్తిరించినవి కింద రాలతాయి, తక్కినవి దబ్బనానికి వేలాడతాయి. రాలినవి లెక్కపెట్టుకుంటే చాలు. అట్టలకు బెజ్జాలు కొట్టింది పెళ్లిపత్రికలు అచ్చేసే ప్రెస్సాయన.

"ఏందప్పా, అట్టలకు చెవులు కుట్టిస్తాండావు? పేర్లు గూడా నువ్వే పెడతావా?" అనేవాడు.

తప్పు దబ్బనంలో లేదు, మా ప్రశ్నలో ఉంది. ఆ ఊరి బావి ఒకరిది కాదు. ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడే బావులవి. ఒక్కో బావికి ఇద్దరో, ముగ్గురో, నలుగురో పాలివాళ్లుంటారు. ఫలానా రోజు ఫలానావాడి వంతు. బావి ఉందా అని అడిగితే అందరూ ఉందనే చెప్పారు. అందరూ నిజమే చెప్పారు.

సరిచూసుకుందామని మళ్లీ ఆ ఊరికి పోతే రచ్చ దగ్గర కూర్చున్న పెద్దాయన పడీపడీ నవ్వాడు. "నూటిరవై ఆరు బాయిలా! కరువొచ్చినప్పుడు మాకు కనపడల్యా! యాడుండాయో సూపించు మామా, తోడుకుంటాం."

"ఎక్కువ భాగం ఉన్నవాడి పేరు ఒక్కటే రాసుకుందాం. బావికి ఒక పేరు. లెక్క సరిపోతుంది," అన్నాడు విద్యార్థి. నాకూ సబబుగానే తోచింది. మొదటి బావి దగ్గరికి పోయేదాకా తోచింది.

ఆ బావికి ఎనిమిది రోజులకొక చుట్టు. గట్టు మీద నిలబడ్డ రైతుకు అందులో మూడు వంతులు. "రాసుకో అప్పా. బాయి నాది," అన్నాడు. అతని చిన్నాన్న కొడుకుకు రెండు, దూది ఏకే సాయిబుకు రెండు. అక్కడికి ఏడు. ఎనిమిదోది ఎవరిదని అడిగాను. రైతు విననట్టు ఎద్దుల్ని అదిలించాడు.

వంకాయ మడిలోంచి ఒకామె లేచి వచ్చింది. అతని చెల్లెలు. "బాయి నీదా? మరి నేను తోడుకునేది ఎవురిదన్నా?"

"నాయన ఏదో ముద్దుకు ఇచ్చినాడు, తోడుకుంటాండావు. దాన్ని గూడా అట్టలో ఎక్కించల్లనా?"

"నాయన ఇచ్చినాడు గాబట్టే ఎక్కించల్ల." ఆమె నా వైపు తిరిగింది. "నీ అట్టలో ఎద్దులకు గది ఉండాది, కోళ్లకు గూడా గది ఉండాదంట. వంతుకు లేదా అప్పా?"

లేదు. ఆమె పెళ్లప్పుడు తండ్రి పసుపుకుంకుమ కింద ఆ ఒక్క వంతు ఇచ్చాడు. భూమి ఇవ్వలేదు. మొగుడు ఊళ్లోనే ఉండి వేరుశనగ బండ్లు తోలుతాడు. ఆమె వంకాయ మడి గుత్తకు తీసుకుని, తన వంతు రోజున ఎద్దులు బాడుగకు తెచ్చి నీళ్లు కట్టుకుంటుంది. ఆమె ఇంటి అట్టలో భూమి లేదు, ఎద్దులు లేవు. బావికి ఒక పేరే రాస్తే ఆ ఒక్క పేరూ ఆమెది కాదు.

ఇది ఉత్త రాతకోతల సంగతైతే నేనూ ఊరుకునేవాణ్ణేమో. కానీ బ్లాకు ఆఫీసు అప్పుడు ఆయిలింజన్లు ఇస్తోంది. బావికొక ఇంజను. ఎవరికివ్వాలో మా జాబితా చూసి తేలుస్తామని విద్యార్థికి మాటిచ్చారు. ఇంజను వస్తే కపిల ఆగిపోతుంది. కపిల ఆగితే ఎద్దులు తెచ్చి తోడుకోవడం ఉండదు. ఎవరి పేరున ఇంజను ఉంటే నీళ్లు వాళ్లవి. బావికి ఒక పేరు రాయడమంటే ఆమె మడి ఎండబెట్టడమే.

తిరుగు ప్రయాణంలో ముద్దనూరు దాటాక డ్రైవరు రేడియేటరులో నీళ్లు పొయ్యడానికి బస్సు ఆపాడు. విద్యార్థి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఉన్నట్టుండి అన్నాడు. "బావికొక అట్ట. మనిషికొక అట్ట. వంతుకూ ఒక అట్ట."

వంతు అట్ట మీద మూడే సంగతులు. ఏ బావి, ఏ మనిషి, చుట్టులో ఎన్ని రోజులు. బావులెన్నో కావాలంటే బావుల అట్టలు లెక్కపెట్టు, నలభై ఒకటే వస్తాయి. మనుషులెందరో కావాలంటే మనుషుల అట్టలు. ఎవరికి ఏ బావిలో ఎంత ఉందో కావాలంటే వంతుల కట్టలో దబ్బనం దూర్చు. ఏ బావీ రెండుసార్లు లెక్కకు రాదు, ఏ మనిషీ జారిపోడు. ఆలోచన నాదని మా మిల్లులో అనుకుంటారు. కాదు, అతనిదే. దాన్ని వదలకపోవడం మాత్రం నాది.

మళ్లీ ఊరికి పోయి వంతులన్నీ రాశాం. ప్రతి బావికీ వంతులు కూడితే ఆ బావి చుట్టు రావాలి. తక్కువొస్తే ఎవరినో వదిలేశామని అర్థం. అలా తక్కువొచ్చిన ప్రతిచోటా మళ్లీ అడిగాను, వదిలేసిన మనిషి దొరికాడు. ఎక్కువసార్లు దొరికింది ఆడమనిషి.

అతని ప్రొఫెసరు గారు పని చూడటానికి వచ్చి జమ్మలమడుగు బంగళాలో దిగారు. వరండాలో మేజా మీద మూడు కట్టలూ పేర్చాం. ఆయన వంతుల కట్ట చేతిలోకి తీసుకుని తిరగేసి పక్కన పెట్టారు.

"ఇది సమాచారం కాదయ్యా, కుటుంబ తగాదా. బావికి ఒక యజమాని. రెండు కట్టలు చాలు."

విద్యార్థి నా వైపు చూశాడు. నేను అన్నాను. "బావులు నలభై ఒకటీ నలభై ఒకటిగానే వచ్చినాయి సార్. లెక్క తప్పలేదు."

"రెండు కట్టలతో వచ్చే లెక్కకు మూడోది దేనికి?"

"రెండిటితో వచ్చేది బావుల లెక్క సార్. నీళ్ల లెక్క రాదు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తెలివైన మనిషి. నేను చెప్పింది ఆయనకు అర్థమైందనే ఇప్పటికీ నా నమ్మకం. "ఇలా పోతే ప్రతి చెట్టుకూ, ప్రతి గట్టుకూ పాలివాళ్లు తేలతారు. ఈ పరిశోధన ఎప్పటికి పూర్తవుతుంది? ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి," అన్నారు.

"గియ్యండి సార్. ఆ ఒక్క వంతున్న ఆమెకు అవతల గియ్యండి, ఇవతల వద్దు."

"నువ్వేం చదువుకున్నావు?"

"ఏమీ చదువుకోలేదు సార్. అందుకని మీరు రద్దు చెయ్యడానికి నా దగ్గర పట్టా కూడా లేదు."

ఆ మాట అనకుండా ఉండాల్సిందని తర్వాత చాలామంది చెప్పారు. నాకు అలా అనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు. ఆయన ముఖం ఎర్రబడింది. బ్లాకు ఆఫీసుకు ఇచ్చే జాబితా బావికొక్క పేరుతో నన్నే రాయమన్నారు. రాయనన్నాను. వేరేవాళ్లతో రాయిస్తానన్నారు. రాయించుకోమన్నాను. పని పోయిందని ఎవరూ నోటితో చెప్పనక్కర లేకపోయింది.

విద్యార్థి నా వెంట గేటుదాకా వచ్చాడు. అతని డాక్టరేటు ఆ ప్రొఫెసరు సంతకం మీద ఉంది. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి అతన్ని ఏమీ అడగలేదు. అతను గోనెగుడ్డలో చుట్టిన వంతుల కట్ట నా చేతిలో పెట్టాడు.

"ఎవరైనా అడిగితే నాకు తెలియదంటాను, గుమాస్తా గారూ."

"అనండి సార్. నేను మాత్రం మీరిచ్చినారనే చెప్తా."

అతను నవ్వాడు. వచ్చినప్పటి నుంచి అంత హాయిగా నవ్వడం అదే మొదటిసారి చూశాను.

బ్లాకు ఆఫీసరు ఇంజన్ల దరఖాస్తులు రాసుకోవడానికి ఆ ఊరికి వచ్చే రోజు తెలుసుకుని పులివెందుల మీదుగా పోయాను. రచ్చ దగ్గర బల్ల వేశారు. ఆఫీసరు ముందు బావికొక్క పేరున్న జాబితా ఉంది. వేరే ఎవరో చక్కటి దస్తూరీతో రాశారు. మొదటి బావికి ఆమె అన్న పేరు పిలిచారు.

నేను లేచి నిలబడ్డాను. "ఆ బావి వంతులు చదువుతాను. ఎవరైనా కాదంటే ఇక్కడే కాదనండి."

ఆఫీసరు అడ్డం చెప్పేలోపే మొదలుపెట్టాను. మూడు. రెండు. రెండు. ఒకటి. ఎనిమిది. ఎవరివి ఎన్నో పేర్లతో సహా చదివాను.

ఆమె అన్న భుజం మీది తువ్వాలు విసిరికొట్టాడు. "ఏమప్పా ప్రొద్దుటూరోడా! మా ఇంట్లో అగ్గి పెట్టను వచ్చినావా?"

"లేదు మామా. కూడిక చెయ్యను వచ్చినా."

"ఆడబిడ్డకు బాయిలో వంతేందిరా? యాడన్నా ఉందా?"

దూది ఏకే సాయిబు వెనకనుంచి గొంతెత్తాడు. "ఆయమ్మది తీసేస్తే ఏడే గదా అన్నా. ఎనిమిదో దినం బాయి ఏం చేస్తాది, పండుకుంటాదా?"

రచ్చంతా గొల్లుమంది. నవ్వు ఆగాక ఒక ముసలాయన, ఆ పిల్లకు తండ్రి వంతు ఇచ్చిన దినం తాను అక్కడే ఉన్నానని చెప్పాడు. తర్వాత మరొకరు తమ బావి సంగతీ చదవమన్నారు. ఆ తర్వాత ఇంకొకరు. నేను చదువుతూనే పోయాను. గొంతు బొంగురుపోయింది.

"దరఖాస్తులో ఒక పేరుకే చోటుందయ్యా," అన్నాడు ఆఫీసరు. మంచివాడే, విసిగిపోయాడు.

"కాగితానికి వెనక పక్క ఉంది గదా సార్, ఖాళీగా."

ఆయన కాగితం వైపు చూశాడు. తిరగేశాడు. నాలుగు పేర్లూ వెనక రాసి, ఎదురుగా రోజులు వేసి, వేలిముద్రలు వేయించుకున్నాడు. అన్న చివరిదాకా కదల్లేదు. చివరికి అతనూ వేశాడు. వెయ్యకపోతే ఇంజను లేదు మరి.

విద్యార్థికి డాక్టరేటు వచ్చిందని విన్నాను. అందులో బావికి ఒక్క పేరే ఉందని కూడా విన్నాను. మంచిదే, పట్టా అతనికి కావాలి. పత్తి రాగానే నేను మిల్లులో చేరిపోయాను. పరిశోధనల వైపు నన్ను మళ్లీ ఎవరూ పిలవలేదు.

ఇంజను బిగించారని తెలిసి, ఆమె వంతు రోజు ఏదో లెక్కగట్టి ఆ రోజుకు పోయాను. పొద్దున ఇంజను ఆగి ఉంది. అన్న దాని పక్కన గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. బావి చుట్టూ పదిమందిదాకా చేరారు. ఏం జరుగుతుందో చూడాలని నాలాగే వచ్చారు.

"క్రూడాయిలు అయిపాయ," అన్నాడు చెల్లెలితో. "మళ్లీ ఎప్పుడొస్తాదో ఏమో."

ఆమె కొంగు కింది నుంచి డబ్బా తీసి గట్టు మీద పెట్టింది. "నాకు తెలుసు అయిపోతాదని. నా వంతుకు నేను తెచ్చుకున్నా. పొయ్యి."

అతను డబ్బా వైపు చూశాడు, మా అందరి వైపు చూశాడు. "నువ్వే పోసుకో. నువ్వే తిప్పుకో."

"పోసుకుంటా. తిప్పను నాకు రాదు, నీకొచ్చు గదన్నా. రేప్పొద్దున నీ వంతు వస్తాది, నీక్కావల్సిందేదో నేనూ చేస్తాలే. లే."

ఎవరూ నవ్వలేదు. అతను బీడీ పారేసి లేచి హ్యాండిలు పట్టుకున్నాడు. రెండుసార్లు తిప్పితే కదల్లేదు. మూడోసారి ఇంజను దగ్గి, పొగ వదిలి అందుకుంది. ఆమె అప్పటికే పార భుజాన వేసుకుని మడి వైపు పోతోంది. నీళ్లు ఆమె వెనకే వచ్చాయి.