మా అత్త ఎంచిన కన్ను

మా అత్త పోయిందన్న కబురు నేను నందిపేటలో మా అమ్మగారింట్లో ఉండగా వచ్చింది. పసుపు ఉడకబెట్టే పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. బండి కట్టుకుని బోధన్‌లో మా అత్తగారింటికి చేరేసరికి వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. నేను ఈ ముఖాన్ని నలుగురిలో ఎత్తుకుని తిరుగుతున్నానంటే ఆమె చలవే. అందుకే ఈ నాలుగు మాటలు.

కాలువ నీళ్లొచ్చి మా చేన్లు చెరుకు చేన్లయిన కొత్తలో, ఆకు దూస్తుంటే నా ఎడమ కన్ను కోసుకుపోయింది. ఊళ్లో పసరు పోయించుకున్నాను. చీము పట్టింది. నిజామాబాద్ దవాఖానకు పోతే అక్కడి డాక్టరు హైదరాబాద్ పంపించాడు. "ఈ కన్ను ఉంచితే రెండోది కూడా పోతది" అని అక్కడ తీసేశారు. నేను కాపురానికొచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

ఇంటికొచ్చాక మా మామ అక్క, నేను వింటుండగానే అత్తతో అంది: "ఒంటికంటిదాన్ని ఏం జేసుకుంటవే? పిలగానికి ఇంకో పిల్లను సూడు."

అత్త చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "నా కొడుకు కన్నే పోతే, దీన్ని ఇంకోన్ని జేసుకోమందుమా వదినా?"

మా ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆ మాట మాత్రం మళ్లీ మా ఇంట్లో రాలేదు.

పుండు మానాక అత్తే నన్ను రైలెక్కించి మళ్లీ హైదరాబాద్ పట్నం తీసుకుపోయింది. కళ్లు పెట్టే సాహెబు దూది పరిచిన పెట్టె తెరిచాడు. గవ్వల్లా బోలుగా ఉన్న గాజు కళ్లు, చాలావరకు నీలివి. నల్లదొకటి తీసి పెట్టబోయాడు.

"గది గాదు సాబ్," అంది అత్త. "మా పిల్ల కన్ను గంత నలుపుండది. ఎండల నిలబడితే బెల్లం పాకం లెక్క కనబడ్తది."

సాహెబు నన్ను కిటికీ దగ్గరికి నడిపించి కుడికంట్లోకి చూశాడు. "నిజమేనమ్మా" అని పెట్టెంతా వెతికి ఆ రంగుది తీశాడు. నాకప్పుడు ఏడుపొచ్చింది. పని చెప్పేటప్పుడు కూడా నా చేతుల వంకే చూసే మనిషి మా అత్త. నా ముఖం ఎన్నడు చూసిందో నాకు తెలియదు.

మొదట్లో ఆ కన్ను ముట్టుకోవాలంటే నాకు భయం. రోజూ పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో కడిగి, పైరెప్ప ఎత్తి ఆమే పెట్టేది. చెంప తుడిచి, "ఇగ సంతకు పో" అనేది. ముఖం మీదికి కొంగు లాక్కుంటే కోపం. "దాసుకున్న ముఖాన్నే జనం ఎక్కువ సూస్తరు బిడ్డా." నేను సొంతంగా పెట్టుకోవడం నేర్చాక కూడా చాన్నాళ్లు నీళ్లు కాచి ఉంచేది. వద్దన్నా వినేది కాదు.

అత్త పోయిన మూడోనాడు అస్థికలు కందకుర్తి తీసుకుపోయాం. మంజీర గోదారిలో కలిసేచోట మా ఆయన కుండ వదిలాడు. అందరూ స్నానాలకు దిగారు. ఒడ్డున ఎవరో, "నువ్వు తల ముంచకు, కన్ను కొట్టుకపోతది" అన్నారు.

నేను అక్కడే, అందరి ముందే, కన్ను తీసి పిడికిట్లో పట్టుకున్నాను. మా ఆయన నా మోచేయి పట్టుకుని లోతుకు నడిపించాడు. మునిగి లేచాను. వాలిన ఖాళీ రెప్ప మీంచి గోదారి నీళ్లు కారుతుంటే, తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాను.