గీత దాటిన నీళ్ళు

మొగుడు నిచ్చెన మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాక, అతని సామాన్ల సంచి భుజాన వేసుకుని పనిలోకి దిగింది ప్లంబరక్క. పదకొండేళ్ళయింది. ఆమె బిగించిన పైపు కారుతోందని ఇంతవరకూ ఎవరూ కబురు పంపలేదు. అలాంటి మనిషికి ఓ ఇంటి మేడ మీది స్నానాలగది మతి పోగొట్టింది.

కొత్త షవరు కింద నేలకు నీళ్ళు దిగకుండా పూత వేయించింది. టైల్స్ అంటించే ముందు పరీక్ష చూడాలి. నీళ్ళు పోయే కన్నానికి బిరడా బిగించి, నాలుగు వేళ్ళ లోతున నీళ్ళు నింపి, గోడ మీద పెన్సిలుతో గీత గీసి ఒకరోజు వదిలేసింది.

మర్నాడు చూస్తే నీళ్ళు గీతకు వేలు మందం కిందికి దిగాయి. కింద వంటింట్లో స్టూలెక్కి పైకప్పు తడిమింది. పొడిగా ఉంది. గోడలూ పొడే. మరి నీళ్ళెటు పోయినట్టు?

"ఆవిరైపోయుంటాయిలే అక్కా," అన్నాడు టైల్స్ మేస్త్రీ.

"ఇన్నా? ఇదేమన్నా పొయ్యి మీద గిన్నె అనుకున్నావా తమ్ముడూ?"

పాత బిరడా చేతిలో పెట్టుకుని మెట్ల మీద చాలాసేపు కూర్చుంది. చివరికి కొత్తది బిగించి, మళ్ళీ గీత దాకా నింపి ఇంటికెళ్ళింది. మొగుడు అతుకులు చూశావా, మూలలు చూశావా అని గుచ్చి గుచ్చి అడిగాడు. అన్నీ చూసింది.

మూడోనాడు నీళ్ళు గీతకు పైన ఉన్నాయి.

అక్క కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. షవరు కింద అరచెయ్యి పట్టి నిలబడింది. చుక్క రాలలేదు. కారితే తగ్గాలి గానీ పెరగడమేమిటి?

"నాకేమన్నా చాదస్తం వస్తోందా తమ్ముడూ?"

మేస్త్రీ కూడా వంగి గీత చూసి బుర్ర గోక్కున్నాడు.

అప్పుడు ఇంటాయన తల్లి గుమ్మం దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "అమ్మాయ్, కోప్పడనంటే ఒక మాట. మొన్న ఆ నీళ్ళు ఊరికే నిలవున్నాయి కదా అని రెండు చిన్న బకెట్లు తీసి వరండా కడిగాను. నిన్న నువ్వు మెట్ల మీద దిగాలుగా కూర్చుంటే నా ప్రాణం ఒప్పలేదు. నువ్వు వెళ్ళాక తీసినన్నీ తెచ్చి పోసేశాను. నువ్వు ముందే నింపావని నాకేం తెలుసు?"

అక్కకు నవ్వాలో ఏడవాలో తోచలేదు. "ఆ ముక్క నిన్ననే చెప్పొచ్చుగా పెద్దమ్మా?"

"నువ్వు అడిగితేగా?"

నిజమే. గోడనడిగింది, పైపునడిగింది గానీ ఇంట్లో మనుషుల్ని అడగలేదు.

ఎక్కువైన నీళ్ళు తోడేసి మూడోసారి పరీక్ష పెట్టింది. ఈసారి పెద్దావిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని, చేతులు కడుక్కుంటానన్న కన్నకొడుకుని కూడా లోపలికి రానివ్వలేదు.

మర్నాడు నీళ్ళు సరిగ్గా గీత మీదే ఉన్నాయి. అయినా అక్క వంగి నాలుగుసార్లు చూసింది. ఇక చాల్లే అక్కా అని మేస్త్రీ అనేదాకా బిరడా తీయలేదు.