మైసమ్మ తెచ్చిన కొబ్బరిచిప్ప

ఇది ఒక మహాగాథ. ఇందులో ఆకాశంలో ఎగిరే రథాలున్నాయి, ఆగ్రహించిన దేవత ఉంది, నిందపడ్డ నిర్దోషి ఉన్నాడు, దేవుణ్ణి నమ్మని జ్ఞాని ఉన్నాడు, చివరికి ధర్మం జయిస్తుంది. ఇలా రాసి, ఒకసారి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. నిజానికి ఇది అరచేతిలో సగం కూడా లేని కొబ్బరిచిప్ప గురించి. నిందపడ్డవాడు పూర్తిగా నిర్దోషి కూడా కాదు. ధర్మం సంగతి మీరే చూద్దురు గాని.

కరోనా సద్దుమణిగి విమానాలు మళ్లీ నిండుగా ఎగరడం మొదలైన ఏడాది, దసరాకు కొద్ది వారాల ముందు నన్ను శంషాబాద్ విమానాశ్రయంలో ర్యాంప్ సేఫ్టీకి, అంటే విమానాలు నిలిచే చోట భద్రత చూసే పనికి, జూనియర్ ఆఫీసర్‌గా వేశారు. మాది విమానాలు నడిపే సంస్థ కాదు. విమానం ఆగాక సామాను దించి, మళ్లీ ఎక్కించే కాంట్రాక్టు కంపెనీ. ఆ కాంట్రాక్టు తర్వాత వేరేవాళ్ల చేతికి పోయింది. మాకు తలా ఒక శాలువా, ఒక గోడగడియారం ఇచ్చి సాగనంపారు. అలా ముప్పై మూడేళ్లకే విశ్రాంత ఉద్యోగినయ్యాను. శాలువా ఉంది కనుక జ్ఞాపకాలు రాసే అర్హత వచ్చినట్టే.

మా దగ్గర హోదాలు ఇలా ఉండేవి: పైన మేనేజర్, ఆయన కింద సేఫ్టీ ఆఫీసర్, ఆ కింద జూనియర్ ఆఫీసర్, అందరికీ కింద పని చేసేవాళ్లు. మంచి జరిగితే పైనుంచి, చెడు జరిగితే కిందినుంచి లెక్కపెట్టేవారు.

మా సేఫ్టీ ఆఫీసర్ చక్రపాణి గారు తెనాలి వైపు మనిషి. పూర్వాశ్రమంలో డిగ్రీ కాలేజీలో తత్త్వశాస్త్రం చెప్పేవారు. ఆ సబ్జెక్టు తీసుకునే పిల్లలు కరువై కాలేజీవాళ్లు ఆ విభాగానికి తాళం వేస్తే, ఈయన విమానాల దగ్గరికి వచ్చి పడ్డారు. చలిదేశంలో ఎప్పుడో బతికిన ఒక సందేహవాది ఆయనకు గురువు. ఆ పేరు నాకు వందసార్లు చెప్పి ఉంటారు, నేను ఒక్కసారీ వినలేదు. లావుగా ఉండేవాడనీ, భోజనప్రియుడనీ, దేవుణ్ణి అంతగా శంకించినా మనుషులతో మాత్రం మర్యాదగా ఉండేవాడనీ గుర్తుంది.

ఆ మహానుభావుడి అభిప్రాయాలు టీ విరామాల్లో వాయిదాల పద్ధతిన నా చెవిన పడ్డాయి. మనిషిని నడిపేది బుద్ధి కాదట, మనసట. బుద్ధి ఆ మనసు దగ్గర గుమాస్తా, అడిగిన కారణం రాసిస్తుంది, అంతే. మతం పుట్టింది ఆకాశం చూసి ఆశ్చర్యపోయి కాదు, రేపు ఏం మూడుతుందోనన్న భయంలో, ఏదైనా కలిసొస్తుందేమోనన్న ఆశలో. ఎవరైనా మహిమ జరిగిందని చెబితే, మహిమ జరగడం సులువా, చెప్పినవాడు పొరబడటం సులువా అని తూచి చూడాలి. ఇక నీతి అంటారా, అది పైనుంచి ఊడిపడలేదు. పక్కవాడు ఏడిస్తే మన కడుపులో కలుక్కుమంటుంది చూడండి, అక్కడ మొదలైంది. ఇదంతా విని నేను, "అయితే సార్, సమోసా చెప్పనా?" అనేవాణ్ణి.

ఇప్పుడు వృత్తికి సంబంధించిన ముక్క ఒకటి తెలుసుకోవాలి. విమానాలు నిలిచే సిమెంటు మైదానంలో ఉండకూడని వస్తువు ఏదైనా సరే, దాన్ని ఎఫ్‌ఓడీ అంటాం. స్క్రూ కావచ్చు, సీసా మూత కావచ్చు. తిరిగే ఇంజిన్ ఎదుట ఉన్నదాన్నల్లా లోపలికి పీల్చుకుంటుంది. అది మింగింది స్క్రూ అయినా సరే, లోపలి రెక్కలు దెబ్బతింటే విమానం మూలన పడుతుంది. అందుకని రోజూ పొద్దున్నే మావాళ్లు వరుసగా నిలబడి, తలలు వంచుకుని, నేల చూస్తూ మైదానమంతా నడుస్తారు. దూరం నుంచి చూస్తే ఊరంతా కలిసి పాపాలు ఒప్పుకోవడానికి బయల్దేరినట్టు ఉంటుంది.

దసరాకు బండ్లకు పూజ చేయడం మా దగ్గర ఆనవాయితీ. సామాను ట్రాలీలను లాగే పొట్టి ట్రాక్టరును టగ్ అంటాం. టగ్గులన్నీ కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, ముందు చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టి, బండిని దాని మీదుగా నడిపేవారు. అప్పటిదాకా అది కంచె లోపల, మైదానం పక్కనే జరిగేది. ఆ ఏడు చక్రపాణి గారు కొత్త నియమం పెట్టారు: పూజ కంచె బయట, వర్క్‌షాపు దగ్గరే చేసుకోవాలి. కొబ్బరికాయ లోపలికి రాకూడదు. జనం గొణిగారు గాని పాటించారు.

మర్నాడు పొద్దున, నేల చూస్తూ నడిచే వరుసలో ఒక సూపర్‌వైజర్ గట్టిగా కేకేశాడు. ఒక విమానం వచ్చి ఆగాల్సిన చోట, సరిగ్గా దాని ఇంజిన్ కిందికి వచ్చే జాగాలో, కొబ్బరిచిప్ప. తెల్లటి కొబ్బరి పైకి పెట్టుకుని, నైవేద్యంలా కూర్చుని ఉంది. దాన్ని తీసేశారు. విమానం వచ్చింది, ఆగింది, ప్రయాణికులు దిగి టాక్సీల కోసం పోట్లాడుకున్నారు. ఏమీ జరగలేదు. సేఫ్టీలో ఏమీ జరగకపోవడం చాలా పెద్ద విషయం, దానికి విచారణ ఉంటుంది.

ఆ చోటికి చివరిగా వెళ్లిన బండి మామిడిపల్లి జంగయ్యది. మా మేనేజర్ రఘునందన్ గారు జంగయ్య డ్రైవింగ్ పర్మిట్ రద్దు చేయమన్నారు. కంచె లోపల బండి నడపడానికి విడిగా ఇచ్చే పర్మిట్ అది. అది పోతే జంగయ్య ఉద్యోగం పోయినట్టే. టగ్గుకు నంబరు ప్లేటు ఉండదు, వర్క్‌షాపు దాటి రోడ్డెక్కదు. దాన్ని నడపడంలో ఆరితేరినవాడికి బయట ప్రపంచంలో విలువ సున్నా. జంగయ్యకు ఇంకో విద్య సేద్యం. అతని చేను ఇప్పుడు ప్లాట్లు, ప్లాట్లలో సేద్యం చేయనివ్వరు.

"సార్, నేను కాయ తేలే. మా అమ్మ తోడు, నేను తేలే," అన్నాడు జంగయ్య.

రఘునందన్ గారు శాస్త్రీయ దృక్పథం గల మనిషి. వాస్తు ప్రకారం కుర్చీ తూర్పుకు తిప్పుకున్నందువల్ల ఎవరితో మాట్లాడినా కిటికీని చూస్తూ మాట్లాడేవారు. జంగయ్యను మైసమ్మ గుడికి తీసుకెళ్లి దీపం ఆర్పి ప్రమాణం చేయిద్దామనీ, చేస్తే వదిలేద్దామనీ ఆయన కిటికీకి సూచించారు.

చక్రపాణి గారు మెత్తగా నవ్వారు. "ప్రమాణం చేసి అబద్ధం ఆడినవాళ్లని చూశానండి. చేయకుండా నిజం చెప్పినవాళ్లనీ చూశాను. దీపానికి ఆ తేడా తెలిసినట్టు లేదు."

అప్పుడు ప్రవేశించాడు ఖాజా. శంషాబాద్‌వాడే, విమానంలోకి సామాను పంపే బెల్టు బండి నడుపుతాడు, జంగయ్యకు జిగ్రీ దోస్తు. తాను సాక్ష్యం చెబుతానన్నాడు.

"జంగన్న తేలేదు సార్. అమ్మ తెచ్చింది."

"ఏ అమ్మ?" అన్నారు చక్రపాణి గారు.

"మైసమ్మ సార్. ఇన్నేండ్ల సంది పూజ లోపల్నే అయితుండె. మీరు బయటికి ఎల్లగొడ్తిరి. అమ్మకు గుస్సా రాదా? కాయ ఆమెనే తెచ్చుకున్నది."

"నువ్వు చూశావా?"

"చూసిన సార్. గిట్ల మెరుపు లెక్క వచ్చింది, పెట్టింది, పోయింది."

"నీ కళ్లతోనే?"

"మరి పక్కోని కండ్లతోని చూస్తనా సార్?"

ఇలా అబద్ధం చెబితే మీ మతంలో తప్పు కాదా అని చక్రపాణి గారు అడిగారు. ఖాజా తడుముకోలేదు. "అల్లా మాఫ్ చేస్తడు సార్. పర్మిట్ ఆఫీసోళ్లు చెయ్యరు."

మధ్యాహ్న భోజనాల వేళకు ఆ మెరుపును చూసినవాళ్లు ఇంకో అరడజను మంది తయారయ్యారు. ఒకరు గజ్జెల చప్పుడు కూడా విన్నారు. విమానాల హోరులో, చెవులకు రక్షణ కవచాలు పెట్టుకుని గజ్జెలు వినడం సామాన్యమైన విషయం కాదు. చిప్ప దొరికిన చోట ఎవరో కుంకుమ బొట్టు పెట్టారు. రఘునందన్ గారు కూడా మెత్తబడి, అమ్మవారి కోపం ఎందుకు, వచ్చే ఏడు పూజ లోపలే చేసుకోనిద్దామా అని కిటికీని అడిగారు. ఇంకో రెండు రోజులు ఆగితే అక్కడ గుడి, హుండీ, పార్కింగు వెలిసేవి. విమానాలను వేరేచోట చూసుకోవాల్సి వచ్చేది.

చక్రపాణి గారు మాత్రం పండగ చేసుకుంటున్నట్టున్నారు. చూశావా, అని నాతో అన్నారు, మా గురువు గారి పుస్తకమంతా నడిచి వచ్చింది. భయంలోంచి దేవత పుట్టింది, దోస్తు మీది జాలిలోంచి సాక్ష్యం పుట్టింది. వీళ్లెవరూ మహిమను నమ్మి జంగయ్యను కాపాడటం లేదు, జంగయ్యను కాపాడాలని మహిమను నమ్ముతున్నారు. "మరి రిపోర్టులో ఏం రాద్దాం సార్?" అన్నాను. రిపోర్టులో కారణం అనే గడి ఉంటుంది. అందులో అమ్మవారి పేరు రాస్తే ఆమెను కూడా విచారణకు పిలవాలి.

ఆయన ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని టగ్గులు నిలిపే చోటికి నడిచారు. నేను వెనకే వెళ్లాను, వెనక జంగయ్య, అతని వెనక ఖాజా, వాళ్ల వెనక తిరునాళ్లంత జనం. చక్రపాణి గారు వరుసలో మొదటి టగ్గు దగ్గర గొంతుక్కూర్చుని టైరు గాడిలో పొడిచారు. చిన్న కొబ్బరిపెంకు ఊడి పడింది. రెండో బండి, ఇంకో పెంకు. మూడో బండిలో కొబ్బరి, పెంకు, పీచు, ముగ్గురూ సకుటుంబంగా ఉన్నారు.

"అమ్మవారు పక్షపాతం లేకుండా అందరికీ పంచిందయ్యా," అన్నారు చక్రపాణి గారు.

సంగతి తేలిపోయింది. కాయ బయటే కొట్టారు, దాని మీదుగా బండ్లు నడిపారు, ముక్కలు టైర్ల గాడుల్లో ఇరుక్కున్నాయి, బండ్లతో పాటు లోపలికి వచ్చాయి. జంగయ్య బండిలోది కాస్త పెద్దది, అందుకని పట్టు తప్పి జారి పడింది. అయితే దీన్ని ఆపడానికి గేటు దగ్గర ఒక నియమం ఉంది. లోపలికి వచ్చే ముందు డ్రైవరు దిగి, టైర్లు చూసి, ఇరుక్కున్నవి స్క్రూడ్రైవర్‌తో తీసేయాలి. జంగయ్య ఒక్క రోజు కూడా అది మానిన మనిషి కాదు. మరి నిన్న ఏమైంది?

జంగయ్య బండి మీది బొట్టు చూపించాడు. "బొట్టు వెట్టి, హారతి వట్టి, ఎంబడే స్క్రూడ్రైవర్ తోని పొడుస్తరా సార్? దండం వెట్టుకున్న, ఎక్కిన."

మిగతా డ్రైవర్లందరూ దండమే పెట్టారు. గేటు దగ్గర టైర్లు చూడాల్సిన గార్డు కూడా ప్రతి బండికీ దండం పెట్టి పంపాడు. నువ్వైనా గీకి ఉండొచ్చు కదా అని నేను ఖాజాను అడిగాను.

"నా బండికి గూడ బొట్టు వెట్టిండ్రు అన్నా," అన్నాడు ఖాజా, నేనేదో అనకూడని మాట అన్నట్టు చూస్తూ. "జర సోంచాయించు, మనసెట్లొప్తది?"

సాయంత్రం మేనేజరు గదిలో తీర్పు. నియమం నియమమే అన్నారు రఘునందన్ గారు, జంగయ్య పర్మిట్ పోవాల్సిందే. చక్రపాణి గారు ఒప్పుకున్నారు. తప్పకుండా, అన్నారు, కానీ తప్పు అందరూ చేశారు కనుక అందరి పర్మిట్లూ రద్దు చేయాలి, అప్పుడు రాత్రి విమానాల సామాను మీరూ నేనూ మోయాలి. న్యాయం అనేది మనుషులు కలిసి బతకడానికి పనికొస్తుందని కట్టుకున్న ఏర్పాటనీ, పని ఆగిపోయేలా వాడితే అది న్యాయం అనిపించుకోదనీ ఆయన గురువు గారి సారాంశం కూడా వినిపించారు. రఘునందన్ గారు గురువును పట్టించుకోలేదు గాని సామాను మాట విని నడుం తడుముకున్నారు. అందరికీ ఒక హెచ్చరిక, ఒక రోజు తిరిగి శిక్షణ, అంతటితో సరి. జంగయ్య పర్మిట్ జంగయ్య జేబులోనే ఉండిపోయింది.

బయటికొచ్చి చెబితే జంగయ్య సంతోషించాడు, ఆ వెంటనే దిగులుపడ్డాడు. "అంటే అమ్మ తేలేదా సార్?"

"నా దగ్గర అలాంటి సాక్ష్యం లేదు జంగయ్యా," అన్నారు చక్రపాణి గారు.

"మరి ఇంజన్ల వడకుంట ఎవరు ఆపిండ్రు?"

"చూసి కేకేసిన సూపర్‌వైజర్."

"ఆయన కండ్లు అటు దిప్పిందెవరు?"

చక్రపాణి గారు నోరు తెరిచారు. ఈ వాదన తెల్లారేదాకా పోతుందని అర్థమై నేను టీ చెప్పాను.

ఇంకో చిక్కు మిగిలింది. టైర్లలో ముక్కలు అలాగే ఉన్నాయి, వాటిని ఎవరూ పొడవరు. చివరికి నమ్మకం లేని ఏకైక మనిషి కనుక చక్రపాణి గారే కూర్చున్నారు. కనీసం బూట్లు విడిచి చేయండి సార్ అని జంగయ్య బతిమాలాడు. ఇక్కడ సేఫ్టీ బూట్లు విడవడం నేరం అన్నారాయన. అలా ఆయన ఒక్కో టైరు గీకుతూ వెళ్తే, జంగయ్య పక్కనే నడుస్తూ ఒక్కో టైరుకూ క్షమాపణగా దండం పెట్టుకుంటూ వెళ్లాడు. ఇద్దరిలో ఎవరి పనివల్ల ఆ బండ్లు శుభ్రపడ్డాయో నేను విచారించలేదు, నా హోదాకు అది మించిన పని.

ఈ వ్యవహారం నేర్పినది ఇది. మనిషి నమ్మకాన్ని సర్క్యులర్ వేసి మార్చలేం, కాయ కొట్టే చోటును మార్చగలం. తర్వాతి ఏడు నుంచి చక్రం ముందు నేల మీద కాకుండా, పక్కన ఒక గిన్నెలాంటిదాంట్లో కొట్టమన్నారు. మైసమ్మ అభ్యంతరం చెప్పలేదు. ప్లాస్టిక్ బకెట్ మాత్రం పనికిరాదు, రెండో కాయకే అడుగు పగిలిపోతుంది. ఇనుప తట్ట వాడాలి.