లేదండీగారు రాసిన ప్రశ్న

ఆస్పత్రుల శాఖలో అతన్ని అందరూ లేదండీగారు అనేవారు. శాసనసభ్యులు రాతపూర్వకంగా అడిగే ప్రశ్నలకు మంత్రి పేరిట వెళ్లే జవాబులు తయారు చెయ్యడం అతని పని. మొదటి భాగానికి "లేదండీ" అని రాసేవాడు. మిగతా భాగాలకు "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు". మొదటిదాని మెడ విరిస్తే వెనకవి వాటంతటవే చస్తాయని కొత్తవాళ్లకు నేర్పేవాడు. అబద్ధం మాత్రం రాయడు. సభకు అబద్ధం చెబితే ఉద్యోగం ఊడుతుంది. అడిగినదాంట్లో కన్నం వెతుక్కుంటే చాలు, పామూ చావదు, కర్రా విరగదు.

అతని బావ ఆస్పత్రి మెట్ల మీదే పోయాడు. లిఫ్టుకు తాళం వేసి ఉంటే, స్ట్రెచర్ మీద నాలుగో అంతస్తుకు మోస్తుండగా పోయాడు. అక్క బడిపిల్లల బట్టలు కుడుతుంది. తమ్ముణ్ణి చదివించింది ఆ మిషనే. ఆవిడ తమ ప్రాంతపు సభ్యుడి గుమ్మం వదలకుండా తిరిగింది. చివరికి ఆయన, సరే అడుగుతాను, రాసి తెమ్మన్నాడు. రాయడానికి ఇంట్లోనే మనిషుండగా వేరే ఎవరి దగ్గరికి పోతుంది?

"లిఫ్టు ఎప్పట్నుంచి పనిచెయ్యట్లేదు, బాగు చేయించాల్సింది ఎవరు? ఇంతే అడగమనరా," అంది.

అలాంటి ప్రశ్నకు కన్నం ఉండదని అతనికి తెలుసు. తేదీ చెప్పి తీరాలి. తేదీ బయటికొస్తే, మరమ్మతు ఫైలు మీద కూర్చున్న పై అధికారి పేరూ వస్తుంది. ఆ అధికారే ఆ నెలలో అతని ప్రమోషన్‌కు సిఫార్సు చెయ్యాలి.

సభకో మర్యాద ఉంటుందనీ, అలా వీధి కుళాయి దగ్గర అడిగినట్టు అడగకూడదనీ అక్కకు నచ్చజెప్పాడు. తనే రాసిచ్చాడు: (అ) లిఫ్టు పనిచేయనందువల్ల ఒక రోగి మరణించిన మాట వాస్తవమేనా? (ఆ) అయినచో, లిఫ్టు ఎప్పటినుంచి పనిచేయడం లేదు? బాధ్యులెవరు?

అక్క రెండుసార్లు చదివించుకుంది. మీ బావ వింటే మురిసిపోయేవాడంది.

కొన్నాళ్లకు ఆ ప్రశ్న అతని బల్ల మీదికే వచ్చింది. ఆస్పత్రి రికార్డులో మరణానికి కారణం గుండె ఆగడం. (అ) లేదండీ. (ఆ) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు. టీ చల్లారేలోపే పని అయిపోయింది.

పై అధికారి చదివి నవ్వాడు. "ఈ ప్రశ్న రాసిచ్చిన బుర్ర తక్కువవాడెవడోగానీ, మన పాలిట దేవుడయ్యా."

"అవునండి," అన్నాడు లేదండీగారు.

జవాబు కాగితం పట్టుకుని అక్క వచ్చింది. ఉత్పన్నం కాకపోవడమంటే ఏమిటని అడిగింది. అడగాల్సిన అవసరం రాలేదని అర్థం అన్నాడు.

"నువ్వు ఎంత బాగా రాశావు. ఈ జవాబు రాసినవాడింట్లో ఎప్పుడూ ఎవరూ చచ్చి ఉండర్రా."

అతను నీళ్లు తాగాడు.

"పోనీ, ఈసారి నేనన్నట్టే అడిగిద్దామా?"

"ఒకసారి జవాబిచ్చినదాన్ని ఇప్పట్లో మళ్లీ అడగనివ్వరక్కా. రూలు."

ఆ రూలు నిజంగానే ఉంది.

అక్క కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. అతనికి ప్రమోషన్ వచ్చిందని అతని భార్య చెప్పిందట, కొత్త చొక్కా కుట్టిపెడతానంది. మెడలోని టేపు తీసింది.

"నిటారుగా నిలబడరా," అంది.

నిలబడ్డాడు.