గుటక మాస్టారు

మా టైలరు మాస్టారికి ఎవరి మొహమూ గుర్తుండదు, మెడలే గుర్తుంటాయి. "పొద్దున ఎవరో వచ్చారట?" అని అడిగితే "పదిహేనున్నర వచ్చి వెళ్ళాడు" అంటారు. ఏ మెడకైనా టేపు చుట్టే ముందు మనిషి చేతిలో గ్లాసెడు మంచినీళ్ళు పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, ముందుకు వంగి, "ఒక్క గుటక" అంటారు. గుటక పడందే కొలత లేదు. అందుకే ఆయనకు గుటక మాస్టారని పేరు స్థిరపడిపోయింది. నేను ఆయన దగ్గర ఆరేళ్ళుగా కాజాలు కుడుతున్నాను. అంటే ఆ బొత్తాలు దూరే రంధ్రాలన్నీ నావే.

"నీళ్ళెందుకండీ, దాహం లేదు" అని ఎవరైనా అంటే మాస్టారి దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"ఊరికే నిలబడ్డ మెడ అబద్ధాలాడుతుందండీ. గుటక వేస్తేనే నిజం చెబుతుంది."

చొక్కాలవాళ్ళయితే సరిపెట్టుకునేవారు. పంట్లాములవాళ్ళతోనే వచ్చేది తంటా.

"నేను పంట్లాం కుట్టించుకోడానికి వచ్చాను. మెడతో పనేమిటండీ?"

"పంట్లాం పైన మీరుంటారా, ఉండరా?"

"ఉంటాను."

"మీ పైన మెడ ఉంటుందా, ఉండదా?"

ఆయన తాగేశాడు. తాగక ఏం చేస్తాడు? కరెంటు మీటరు రీడింగుకు వచ్చినవాడి మెడ రీడింగు కూడా తీసి పంపారు. అడ్రసు అడగడానికి ఆగిన ఒకావిడ మూడు గుటకలు వేసి, అడ్రసు సంగతి మరిచిపోయి వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఇంతకంటే వింత ఇంకొకటి ఉంది. ఎప్పుడో ఒకసారి, గుటక చూడగానే మాస్టారు కొలతల పుస్తకం మూసేసి, ఆ మనిషిని గుమ్మం దాకా తీసుకెళ్ళి చెవిలో ఏదో చెప్పి, బట్ట తిరిగి చేతిలో పెట్టి పంపేసేవారు. కాళ్ళతో నడిచొచ్చిన బేరాన్ని సాగనంపే వ్యాపారిని నేనెక్కడా చూడలేదు.

నా మెడ జోలికి మాత్రం రానివ్వలేదు.

"నేను కస్టమర్ని కాదు మాస్టారూ."

"నేనేమన్నాను అమ్మాయ్?"

"గ్లాసు వంక చూశారు."

ఆరేళ్ళూ నా సీసాలో నీళ్ళు గోడ వైపు తిరిగే తాగాను. పంతమంటే పంతమే.

నిరుడు నాకు బద్ధకం పట్టుకుంది. ఆ పేరు మా అత్తగారు పెట్టింది. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర తీరేది కాదు. తిండి తగ్గినా ఒళ్ళు పెరిగింది. దువ్వెనతో పాటు జుట్టూ చేతికొచ్చేది. లోకమంతా ఉక్కపోతతో విసనకర్రలు ఊపుకుంటుంటే నేను స్వెట్టరు వేసుకుని షాపులో ఫ్యాను కట్టేసేదాన్ని. మాస్టారు కారుతున్న చెమట తుడుచుకుంటూనే మిషను తొక్కేవారు. గొంతు ఎంత బొంగురుపోయిందంటే, ఫోన్ చేస్తే మా ఆయన "ఎవరు కావాలండీ?" అన్నాడు.

అవన్నీ సరే. పని పాడయింది. ప్లీడరుగారి చొక్కాకు రెండు పక్కలా కాజాలే కుట్టాను. బొత్తాలు పెట్టడానికి చోటే లేదు. మాస్టారు దాన్ని ఎత్తి వెలుతురులో చూసి, "ఊఁ" అని సొరుగులో పెట్టేశారు. మర్నాడు ఒకాయన జేబును మూసి కుట్టేశాను. దానికీ "ఊఁ" అన్నారు. ఆ రెండో "ఊఁ" విన్నాక నా పని అయిపోయిందనుకున్నాను. నాకు చేతనైన విద్య అదొక్కటే. అది కూడా పోతే అత్తగారి మాటే నిజమని ఒప్పుకోవాలి. గోడ వైపు తిరిగి ఏడ్చాను.

ఆ శనివారం మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్, ఇకమీదట షాపులో స్టాఫుకు యూనిఫాం."

"స్టాఫంటే నేనొక్కదాన్నేగా!"

"అందుకే బట్ట తక్కువ పడుతుంది. కాలరున్న కోటు. రా, కొలతివ్వు."

తీసేసే మనిషికి ఎవరూ కోటు కుట్టరు కదా! ఆ సంతోషంలో పంతం మరిచిపోయాను. గ్లాసు అందుకున్నాను. ఒక గుటక. "ఇంకొకటి" అన్నారు. "ఇంకొకటి." గ్లాసు ఖాళీ అయింది. మాస్టారు పుస్తకం మూసేసి గుమ్మం వైపు నడిచారు.

"తీసేశారా మాస్టారూ?"

"నిన్ను తీసేస్తే నా చొక్కాలు చీపురుపుల్లలతో మూసుకోవాలి. గుటక వేసినప్పుడు నీ మెడ ముందు ఒక ఉబ్బు లేచి దిగుతోంది. డాక్టరమ్మకు చూపించుకుని రా. తర్వాతే కోటు."

డాక్టరమ్మ నా కథంతా విని, గ్లాసుతో నీళ్ళిచ్చి, "ఒక్క గుటక వేయండి" అంది. నాకు నవ్వాగలేదు.

"మీరూ టైలరేనా?"

"ఓ, మాస్టారు పంపారా? అలా చెప్పరే!" అని ఆవిడా నవ్వింది. "ఆయన పంపినవాళ్ళలో మీరు తొమ్మిదోవారు. ఒకాయనది మాత్రం ఉత్త కంఠమణి, మగవాళ్ళందరి గొంతు మీదా ఉండేదే."

రక్తపరీక్ష కాగితం వచ్చాక విడమరిచి చెప్పింది. మెడ ముందు సీతాకోకచిలుక ఆకారంలో థైరాయిడ్ అనే చిన్న గ్రంథి ఉంటుందట. ఒళ్ళు ఎంత వేగంతో నడవాలో అది పంపే హార్మోనే చెబుతుందట. అది అతిగా ఉరికితే గుండె దడ, చేతుల వణుకు, చిక్కిపోవడం. మందగిస్తే చలి, నిద్ర, మతిమరుపు.

"మీది మందగించింది. మెదడు కింద ఇంకో గ్రంథి ఉంది, దీనికి మేస్త్రి లాంటిది. కిందిది పని తగ్గించేకొద్దీ ఆ మేస్త్రి అరుపు పెంచుతుంది. ఈ టీఎస్‌హెచ్ అంకె ఆ అరుపే. చూడండి, ఎంత ఉందో!"

"అంటే బద్ధకం కాదా అండీ?"

"కాదమ్మా. జబ్బు. మాత్ర వేసుకుంటే సర్దుకుంటుంది."

ఆ కాగితం మడతపెట్టకుండా పట్టుకెళ్ళి మా అత్తగారి ముందు పెట్టాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "అదేదో ముందే చెప్పొచ్చుగా!" అంది.

మాస్టారి భార్యను నేను పిన్నిగారంటాను. పలకరించడానికి వచ్చి, అసలు సంగతి ఆవిడే బయటపెట్టింది.

"నాకూ వచ్చిందే అమ్మాయ్, గడ్డ. మూడేళ్ళు నా చలికోటు కాలరు ఏటా అరంగుళం పెంచుతూ, ఒళ్ళొచ్చిందే అని వేళాకోళమాడారు మీ మాస్టారు. చివరికి డాక్టరు ఒక్క గుటకతో పట్టేశాడు. టేపు పట్టుకున్నది తనే, చూడనిదీ తనేనని ఆ రోజు ఎంత ఏడ్చారో! ఆ తర్వాతే ఈ నీళ్ళ గోల."

"మరి ఆ మాట అందరికీ చెప్పొచ్చుగా పిన్నిగారూ?"

"జబ్బు చూస్తానంటే ఎవరైనా మెడ ఇస్తారా? పిచ్చివాడనుకుంటే నవ్వుతూ తాగేస్తారు."

రోజూ పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుంటున్నాను. రెండు నెలలకు నేనే లేచి ఫ్యాను వేశాను. మాస్టారు ఫ్యాను వంక చూసి, "ఊఁ" అన్నారు. ఆ వారమే ప్లీడరుగారు వచ్చారు.

"మీ మాస్టారి చూపు ఎలా ఉందమ్మా?"

"చూపుకేమండీ?"

"చూపానక తనే రెండు పక్కలా కాజాలు కుట్టేశానని, మళ్ళీ కొత్తది కుట్టిచ్చాడు. ఇంకెవరిదో జేబు మూసేసింది కూడా తనేనట!"

పై మేస్త్రి అరుస్తుందని డాక్టరమ్మ చెప్పింది గాని, అరవని మా మేస్త్రి సంగతి ఆవిడకు తెలియదు. కళ్ళు తుడుచుకుందామని, ఆ రోజే మాస్టారు కుట్టిచ్చిన కొత్త కోటు జేబులో చెయ్యి పెడితే చెయ్యి దూరలేదు. జేబు మూసి కుట్టి ఉంది. తలెత్తి చూశాను. మాస్టారు శ్రద్ధగా సూదిలో దారం ఎక్కిస్తున్నారు, మొదటిసారికే ఎక్కించారు.

అప్పుడే ఒకాయన పంట్లాం పొడవు తగ్గించాలంటూ వచ్చాడు. మాస్టారి కంటే ముందు నేనే గ్లాసు అందించాను.

"నీళ్ళెందుకమ్మా?"

"పంట్లాం పైన మీరుంటారా, ఉండరా?"