అన్న ఎదురైతే ఇంజను కట్టెయ్యాలి

పల్నాడులో పుట్టినవాడికి ఒక వీరగాథైనా చెప్పే హక్కుంటుంది కాబట్టి నేనూ ఒకటి చెప్తాను. ఇందులో ఇద్దరు అన్నదమ్ములున్నారు. కోటగుమ్మం ఉంది, రథం ఉంది, రథాన్ని కదిలించిన జనం ఉన్నారు, అందరూ చూస్తుండగా కూలిపోయిన వీరుడున్నాడు. కారంపూడి దారి కూడా ఉంది. నిజం చెప్పాలంటే రథం ఒక డొక్కు బస్సు, కోటగుమ్మం డిపో గేటు. కూలినవాడు మా బాబాయి. ఆయనకి కూడా ఒంటి మీద దెబ్బేం తగల్లేదు. కత్తుల కోసం వచ్చినవాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు.

బాబాయి మా డిపోలో డ్రైవరు. మా ఊరి మీదుగా కారంపూడి పోయే బస్సు ఆయనది. మా నాన్న ఆయనకి అన్న, మాగాణి ఉన్న మనిషి, తమ్ముడి బస్సు ఒక్కసారి కూడా ఎక్కని మనిషి. పెళ్ళిళ్ళలో తమ్ముణ్ణి ఎవరికైనా చెప్పాల్సొస్తే, "మావాడే, బండి తోల్తాడు" అని ఊరుకునేవాడు. ఎద్దులబండో ఇంకోటో అవతలివాళ్ళే తేల్చుకోవాలి.

బాబాయికి రిటైరయ్యే రోజు మీద ఒకటే కోరిక. కడసారి డ్యూటీలో నాన్నని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, మా ఊరి సెంటర్లో అందరూ చూస్తుండగా బస్సు ఆపి దించాలి. ఏడాది ముందునుంచీ అడుగుతూనే ఉన్నాడు. పిన్ని వచ్చి బతిమాలింది. చివరికి నాన్న సరేనన్నాడు. మనసు కరిగిందని పిన్ని చెప్పుకుంది. ఆ వారం మా ట్రాక్టరూ మోటారు సైకిలూ రెండూ మెకానిక్ దగ్గరే ఉన్నాయని నేను చెప్పలేదు.

ఇప్పుడు బస్సు సంగతి. దానికి సెల్ఫ్ స్టార్టరు పనిచెయ్యదు. ఎలాగూ తుక్కుకి పొయ్యేదే కదా అని కొత్తది వెయ్యలేదు. అందుకని గ్యారేజీ వెనక నీళ్ళ ట్యాంకు దగ్గరున్న వాలులో పెట్టేవాళ్ళు. పొద్దున్నే బాబాయి బ్రేకు వదిలితే అది దొర్లేది, రెండో గేరులో క్లచ్చి వదిలితే దగ్గి దగ్గి లేచేది. ఒకసారి లేచాక రాత్రి మళ్ళీ వాలెక్కేదాకా ఇంజను కట్టకూడదు. డిపోలో చీపురు పట్టుకునే ఆమెకి కూడా ఈ సంగతి తెలుసు.

ఆ రోజు గ్యారేజీవాళ్ళు బస్సు కడిగి, మామిడాకులు కట్టి, దానికీ బాబాయికీ చెరో బంతిపూల దండేసి, చదునుగా ఉన్న చోట గేటుకెదురుగా నిలబెట్టారు. ఇంజను నడుస్తూనే ఉంది. జనం కిటికీల్లోంచి తువ్వాళ్ళేసి సీట్లు పట్టుకున్నారు. ముందు సీట్లో బాబాయి తెల్లారే తన కొత్త తువ్వాలు పరిచిపెట్టాడు. అప్పుడు నాన్న గేట్లోంచి లోపలికొచ్చాడు.

మా ఇళ్ళలో ఒక పద్ధతుంది. బండి మీద పోతుంటే అన్న ఎదురయ్యాడనుకోండి, తమ్ముడు ఇంజను కట్టేసి కాలు కింద పెట్టాలి. ఇంజను ఆడిస్తూ పెద్దవాళ్ళతో మాట్లాడితే బలిసింది అంటారు. మోపెడ్ రోజుల నుంచీ బాబాయి చెయ్యి ఆ పద్ధతికి అలవాటుపడిపోయింది. నాన్న కనపడ్డాడు. బాబాయి ఇంజను కట్టేసి, కిందికి దూకి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

డిపో అంతా నిశ్శబ్దమైపోయింది. మర్యాదకనుకున్నాడు నాన్న.

ఆయన ఎక్కి తువ్వాలు మీద కూర్చున్నాకగానీ బాబాయికి తనేం చేశాడో తెలియలేదు. ఇక తొయ్యడమే. అందరూ దిగారు. నాన్న కూడా లేవబోతే, "నువ్వు కూర్చో అన్నా, నువ్వు దిగితే నాకు బాగోదు" అన్నాడు బాబాయి. దాంతో మెకానిక్కులు, కండక్టరు, కారంపూడి సంతకి పోయే ఆడవాళ్ళు, నేను, అందరం కలిసి మా నాన్న ఒక్కణ్ణే ఊరేగించాం. ఉత్సవ విగ్రహాలు కూడా ఇంత కదలకుండా కూర్చోవు.

ఇంజను దగ్గింది గానీ లేవలేదు. గేటు దగ్గర రోడ్డు ఎత్తుగా ఉంటుంది. ముందు చక్రాలు ఎక్కాయి. వెనకవి మేం ఎక్కం పొమ్మన్నాయి. వెనక్కి తోద్దామంటే అప్పటికే మిగతా బస్సులు బారుకట్టి హారన్లు కొడుతున్నాయి. సంతకి పోయే ఒకామె కిటికీలోంచి తువ్వాలు లాక్కుంటూ, "ఏందన్నా, పదవీ విరమణ నీకా దీనికా" అంది. జనం నవ్వారు. మెళ్ళో దండ తీసేస్తే బాగుండేది, బాబాయికి తోచలేదు.

నాన్న నిదానంగా దిగాడు. పంచె దులుపుకున్నాడు.

"ఒరేయ్, ఇన్నాళ్ళూ నువ్వు తోల్తున్నావనుకున్నా. ఊరోళ్ళు తోస్తున్నారన్నమాట."

అని, సంతవాళ్ళతో కలిసి షేర్ ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. మా ఊరి సెంటర్లో పిన్ని పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలుపుకుని, చుట్టాలతో కాసుకునుంది. ఆటో దిగిన నాన్న, "మీ ఆయనొచ్చేసరికి అవి ఎండిపోతాయి గానీ, మొక్కలకి పొయ్యమ్మా" అన్నాడట. పిన్ని నిజంగానే పోసింది. మా ఇళ్ళలో పెద్దవాళ్ళ మాట కాదనరు కదా.

ఇక్కడ డిపోలో ఇంకో బస్సు తెచ్చి, గొలుసేసి, మా బస్సుని వెనక్కి లాగారు. లాగించుకునే బస్సుకైనా స్టీరింగ్ దగ్గర మనిషుండాలి. ఎవరు కూర్చుంటారని చూస్తే అందరూ బాబాయి వైపే చూశారు. దండతోనే ఎక్కి కూర్చున్నాడు. ఆయన కడసారి డ్యూటీ గేటు నుంచి తుక్కు షెడ్డు దాకా, వెనక్కి. అద్దంలో చూసుకుంటూ చానా జాగ్రత్తగా తిప్పాడు. ఎక్కడా గీరుకోలేదు. ముందు సీట్లో తువ్వాలు మాత్రం అలాగే ఉంది. ఏ బస్సులోనైనా తువ్వాలు పరిచిన సీట్లో ఇంకొకరు కూర్చోరు.

అన్నదమ్ములు ఇప్పటికీ మాట్లాడుకుంటారు. నాన్న కనపడితే బాబాయి ఇప్పటికీ మోపెడ్ ఇంజను కట్టేస్తాడు. నాన్న మాత్రం, "మళ్ళీ లేస్తదా?" అని అడుగుతాడు.

ఆ రోజు ఇరుక్కున్నప్పట్నుంచీ మా డిపోలో బస్సులన్నీ వెనక గేటు నుంచి బయటికి పోతున్నాయి. కారంపూడి పొయ్యేవాళ్ళు ముందు గేటు దగ్గర నిలబడితే బస్సు దొరకదు.